కుజుడు తిన్నగా నడిచిన రోజు

అనగనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో నరహరి సిద్ధాంతని ఉండేవాడు. ఆయనకి ఒక్కతే కూతురు, భ్రమరాంబ. గారాలపట్టి, అచ్చం నీలాగే పెంకిది.

భ్రమరాంబకి పెళ్ళయింది. కాపురానికి పంపమని అత్తారు కబురు పెట్టారు. అప్పుడు సిద్ధాంతి, "ఎర్రగా మెరిసే ఆ కుజుడు చుక్కల మధ్య వెనక్కి నడుస్తున్నాడు. వాడు తిన్నగా నడిచేదాకా పిల్లని పంపకూడదు" అన్నాడు. "అదెప్పటికి?" అన్నారు వాళ్ళు. ఆయనకే తెలియదు, ఏం చెబుతాడు!

ఆ రోజుల్లో భూమి నడుమ కదలకుండా ఉంటుందనీ, గ్రహాలన్నీ దాని చుట్టూ తిరుగుతాయనీ అనుకునేవారులే. అందుకని సిద్ధాంతి ఇసుకలో భూమి చుట్టూ ఒక గుండ్రం గీశాడు. గుండ్రం వెంబడి పోయేవాడు వెనక్కెందుకొస్తాడు? కుదరలేదు. ఆ తర్వాత భూమిని నడుమ నుంచి కాస్త పక్కకి జరిపాడు. కుజుడి నడక ఒకచోట జోరందుకుంది, ఒకచోట మందగించింది, వెనక్కి మాత్రం రాలేదు.

అప్పుడు ఒక సాయంత్రం భ్రమరాంబ, ఆమె స్నేహితురాళ్ళు వాకిట్లో కోలాటం కట్టారు. నడుమ నిలబడి తాళం వేసేది సిద్ధాంతే. ఎంత ముచ్చటైన ఆటలే అవి, ఇప్పుడేవీ! పిల్లలు జట్లు జట్లుగా చిన్న సుళ్ళు తిరుగుతూ, ఆయన చుట్టూ పెద్ద గుండ్రంగా సాగుతున్నారు. భ్రమరాంబ తన సుడిలో తండ్రికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం వెనక్కి పోతున్నట్టు కనిపించింది. ఆయన తాళం ఆగిపోయింది.

ఆ తర్వాత పెద్ద గుండ్రం మీద ఒక చిన్న గుండ్రం తిప్పి, దాని మీద కుజుణ్ణి పెట్టాడు. లెక్క కుదిరింది! పున్నమి వెళ్ళగానే కుజుడు తిన్నబడతాడు. అంటే పిల్ల వెళ్ళిపోతుంది.

"లెక్క తేలిందా నాన్నా?" అంది కూతురు. "లేదమ్మా" అన్నాడు. మర్నాడూ అడిగింది. మర్నాడూ లేదన్నాడు. మూడోనాడు అడగలేదు. మొగుడు పెట్టిన చీర పెట్టెలోంచి తీసి, నిమిరి, మళ్ళీ లోపల పెట్టేసింది. అది చూశాక ఆయన ఇక ఉండలేకపోయాడు. "పున్నమి వెళ్ళగానే ప్రయాణం. చలిమిడి కలపమని మీ అమ్మతో చెప్పు" అన్నాడు.

పున్నమి వెళ్ళింది. కుజుడు ఆగి, ముందుకి మళ్ళాడు. "లెక్కంటే మన సిద్ధాంతిదే!" అంది ఊరంతా. బండి కట్టారు, పిల్లని ఎక్కించారు. బండి మలుపు తిరిగాక ఆయన అరుగు మీద కూలబడి, "ఈ ఒక్కసారికి నా లెక్క తప్పితే ఏం మునిగిపోయేది?" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

కథ నడిచె కంచికి,
కునుకు నడిచె కంటికి,
మనం పోదాం ఇంటికి.