ఈరమ్మ పొట్లాలు

ఆదోనిలో హకీం బుర్హానుద్దీన్ దగ్గర మునవ్వర్ ఏడేళ్లుగా వైద్యం నేర్చుకుంటున్నాడు. నాడి చూడటం వచ్చింది. మందు నూరడం వచ్చింది. ఓపిక మాత్రం రాలేదు. ఉన్న కాస్తా గాజుల ఈరమ్మ తినేసింది.

ఈరమ్మకి వణుకు జబ్బు. రెండు చేతులూ ఊరికే ఆడుతుంటాయి. పెళ్లికూతుళ్లకి గాజులు తొడిగి బతికిన చేతులవి. తొడగబోయి పగలగొడుతోందని ఇప్పుడెవరూ పిలవడం లేదు.

మునవ్వర్ దూలగొండి గింజల పొడి పొట్లాలు కట్టి, పూటకొకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగమన్నాడు. నెలైనా వణుకు తగ్గలేదు. పొట్లంలో పొడి రెట్టింపు చేశాడు. తగ్గలేదు. మూడింతలు చేశాడు. అదే వణుకు.

"వేసుకుంటున్నావా, లేదా?" అని అరిచాడు ఆ రోజు.

"ఏసుకుంటానే ఉండానప్పా."

"మరి తగ్గదేం?"

"మందిచ్చేటోడివి నువ్వు. నన్నడిగితే నాకేం తెలుస్తాది?"

మునవ్వర్‌కి ఒళ్లు మండింది. విసురుగా లోపలికి వెళ్లాడు.

"ఉస్తాద్, ఈవిడతో నావల్ల కాదు. మందు పారబోసి వచ్చి అబద్ధాలాడుతోంది. ఇక రావద్దని చెప్పేస్తాను."

హకీం చదువుతున్న కితాబు మూసి బయటికొచ్చాడు. గ్లాసుడు నీళ్లు ఈరమ్మ పక్కన పెట్టాడు.

"ఈ పూట మందు ఇక్కడే వేసుకో అమ్మా."

ఈరమ్మ పొట్లం విప్పింది. విప్పుతుండగానే కొంత ఒలికింది. కాగితం నోటిదాకా ఎత్తేసరికి గడ్డం మీద కొంత, మెడ మీద కొంత, నల్లచీర మీద బోలెడంత. నోట్లో పడిందేదో మింగి, నీళ్లు తాగి, ఆమె మునవ్వర్ వైపు గుడ్లురిమింది.

"చూసుకో. ఏసుకుంటినా లేదా?"

మునవ్వర్ ఆ చీర వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"ఇలా ఒలికిపోతుందని ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వడిగితివా? ఏసుకుంటివా, ఏసుకుంటివా అని అరిసేదే గదా నీ పని!"

మునవ్వర్ తేనె సీసా తెచ్చుకుని, పొడిని మాత్రలుగా చుడదామని కూర్చున్నాడు. ఎప్పటిలాగే మూడింతల పొడి కొలిచి కల్వంలో పోశాడు.

హకీం అతని మణికట్టు పట్టుకున్నాడు. కల్వం ఎత్తి, పొడిని తిరిగి డబ్బాలోకి ఒంపాడు. మొదటి నెల ఇచ్చినంతే అడుగున మిగిల్చి, కల్వం అతని ముందు పెట్టాడు.

"ఇంతేనా ఉస్తాద్? మూడింతలకే ఏమీ కాలేదు కదా!"

"ఇన్నాళ్లూ నువ్వు చీరకి వైద్యం చేశావు" అన్నాడు హకీం. "ఇప్పుడు మనిషికి మొదలుపెట్టు."