ఇరవై అయిదుకి రెండో వేరు

రండర్రా, దగ్గరికి జరగండి. స్వామికి ఓ దణ్ణం పెట్టుకుని కూర్చోండి. మీరు ఊ కొట్టడం మానేస్తే నేను చెప్పడం మానేస్తాను.

అనగా అనగా ఓ ఊరు, ఆ ఊరికో దిగుడు బావి, ఆ బావికి ఇరవై అయిదు మెట్లు. ఆ ఏడాది నూతులన్నీ ఎండిపోయి, నీళ్ళు అందులోనే మిగిలాయి. మిగిలి ఏం లాభం, మెట్ల మొదట్లో ఓ దయ్యం కూర్చుంది. లెక్కల నృసింహం పంతులుగారి దయ్యం. అయిదయిదులు ఇరవై అయిదు, కాబట్టి ఇరవై అయిదుకి మూలం, అంటే వేరు, అయిదు, మిగతాది రేపు చెప్తానని బడి వదిలి, తెల్లారేసరికి పోయాడు పాపం. ఆ మిగతాది గొంతుకి అడ్డం పడింది.

కడవతో ఎవరొచ్చినా ఇరవై అయిదుకి వేరు చెప్పమనేవాడు. అయిదంటే, "వేరు, వేరు" అనేవాడు. జవాబు వేరే ఉందనుకుని జనం మాట మార్చేవారు. ఆరంటే కడవ తన్నాడు, ఏడంటే కడవ తన్నాడు, ఎనిమిదంటే కడవతోపాటు మనిషినీ తన్నాడు. ఊ కొడుతున్నారా?

మాణిక్యాంబ అని ఓ కోడలు. చంటాడికి అమ్మవారు పోసి తగ్గింది. ఇవాళ తలకి వేపాకు నీళ్ళు పొయ్యాలి, ఇంట్లో చుక్క లేదు. కడవ తీస్తుంటే అత్తగారు దెప్పింది.

"నీకు వేళ్ళ మీదే లెక్క రాదు, ఏం ఉద్ధరిద్దామనే?"

"కాళ్ళ మీద వేస్తాలెండి అత్తయ్యా."

వెళ్ళింది. అయిదంది. వేరు, వేరు అన్నాడు. చేసేది లేక ఇంటివైపు తిరిగింది. తిరిగాక తోచింది, కడవ తన్నలేదేమా అని. తన్నలేదంటే అయిదు తప్పు కాదు. ఒక వేరు చెప్పాను, ఇంకో వేరు అడుగుతున్నాడు కాబోలు.

ఇటు ముందుకి నడిస్తే ఇల్లొస్తుంది. మొహం ఇటే ఉంచి, అడుగు వెనక్కి వేస్తేనో? దేవుణ్ణి తలుచుకుని వేసింది, పంతులుగారు అడ్డం రాలేదు. అయిదు మెట్లు వెనక్కి, ఇంకో అయిదు వెనక్కి, అలా అయిదుసార్లు. మడమకి నీళ్ళు తగిలాయి. తిరగడం ఒక వెనక, నడవడం ఇంకో వెనక, రెండు వెనకలూ కలిసి ముందైపోయాయి.

"వెనక అయిదూ వేరే, పంతులుగారూ" అంది. మీ బడిలో మైనస్ అయిదంటారే, అదే.

పంతులుగారు గొంతు సవరించుకుని, "ఇక బడి వదిలేశానమ్మా" అని మాయమయ్యాడు. చంటాడి తలకి నీళ్ళు పడ్డాయి. ఊరందరి కడవలూ నిండాయి. దయ్యం పోయిందన్నా నమ్మక అత్తగారు మాత్రం నెల్లాళ్ళు వెనక్కే దిగింది.

కథ కంచి బండెక్కింది, మీరు పక్కలెక్కండి. ఒక్కటి గుర్తుంచుకోండి. జవాబు దొరకగానే లేచిపోకుండా, మాణిక్యాంబలా ఓసారి అటు తిరిగి చూడండి. రేపు తొమ్మిదికి వేరు అడుగుతాను, మూడని ఊరుకోరుగా?