రేగి ఆగింది

ఏడుగుట్టల అడవిలో దుప్పులు, కొండముచ్చులు, అడవిపందులు, నెమళ్ళు ఉండేవి. ఒక చిరుతపులి కూడా ఉండేది. కొమ్ములదొర అనే మగదుప్పి దుప్పుల మందకు పెద్ద. అంత పెద్ద కొమ్ములు ఆ అడవిలో మరే దుప్పికీ లేవు. ఆ సంగతి మరిచిపోయే అవకాశం అతను ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

ఆ మందలోనే చెంగలి అనే ఆడదుప్పి ఉండేది. చెంగలికి రేగి అని ఒక చెల్లెలు. ఏడాదైనా నిండకముందే వాగు దగ్గర చిరుత నోట పడి చనిపోయింది.

పోయిన ఆ పసిదానికి మందలో ఏం పేరు మిగిలిందో తెలుసా? పెంకిది అని. ఏ పిల్లయినా మాట వినకపోతే చాలు, "రేగిలా చస్తావా?" అని తల్లులు తిట్టేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా చెంగలికి ఒళ్ళు మండిపోయేది.

ఎందుకంటే ఆ రోజు చెంగలి చెల్లెలి పక్కనే ఉంది. మంద నీళ్ళకు దిగుతోంది. చెట్టు మీద కొండముచ్చు ఖక్ ఖక్ మని అరిచింది. చిరుత కనబడితేనే అది అలా అరుస్తుంది. రేగికి ఆ కూత అందరికంటే బాగా తెలుసు. కొండముచ్చులు రాల్చే నేరేడు పళ్ళ కోసం పొద్దస్తమానం ఆ చెట్ల కిందే తిరిగేది మరి. దాని మూతి ఎప్పుడూ ఊదారంగులోనే ఉండేది.

కూత వినగానే రేగి ఠక్కున ఆగిపోయింది.

"కోతి కూస్తే ఆగడమేమిటి? నడువు" అని కొమ్ములదొర వెనక నుంచి కొమ్ముతో పొడిచి నెట్టాడు. పిల్ల తూలి నీళ్ళలో పడింది. పొదలోంచి చిరుత దూకింది.

సాయంత్రానికల్లా కొమ్ములదొర కథ అల్లేశాడు. "నేను ఆగమన్నాను. వినకుండా ఉరికింది" అన్నాడు. మంద తల ఊపింది. చెంగలి నోరు విప్పబోతే తల్లే అడ్డుపడింది.

"ఊరుకో తల్లీ. చెప్తే పోయింది తిరిగొస్తుందా? పెద్దతో మనకెందుకు?"

చెంగలి ఊరుకుంది. ఊరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఏటా తొలకరికి మంద అంతా వాగు గట్టున చేరి, పోయినవాళ్ళను తలుచుకునేది. ఒక్కొక్కరూ నోట కాస్త పచ్చగడ్డి తెచ్చి అక్కడ పెట్టేవారు. ఆ ఏడు కొమ్ములదొర పిల్లలందరినీ ముందు వరసలో నిలబెట్టాడు.

"రేగి ఎందుకు చచ్చింది? నా మాట వినలేదు గనక. కోతులు ఎంత అరిచినా మీకనవసరం. నేను నడవమంటే నడవాలి" అన్నాడు.

చెంగలి ఇక ఊరుకోలేదు. "రేగి ఆగింది" అంది.

"ఏమిటీ?"

"కూత విని ఆగింది. నువ్వే పొడిచి నెట్టావు. నా చెల్లెల్ని చంపింది చాలక దాన్ని చెడ్డదాన్ని చేశావు. ఇప్పుడు ఈ పిల్లల్ని కూడా చంపుతావు."

"దీనికి మతి పోయింది" అన్నాడు కొమ్ములదొర.

చెంగలి తల్లి ముందుకొచ్చింది. ఈసారి అడ్డుపడటానికి కాదు. "నేనూ చూశాను. భయపడి నోరు మూసుకున్నాను" అంది.

అప్పుడే చెట్టు మీద కొండముచ్చు అరిచింది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మంద అంతా కొమ్ములదొర వైపు చూసింది. ఆ కూతకు అర్థం అతనికీ తెలుసు. కానీ ఇప్పుడు తాను ఆగితే, ఆ రోజూ ఆగాల్సిందేనని ఒప్పుకున్నట్టే. అబద్ధాన్ని కాపాడుకోవాలంటే నడవాలి.

"వెళ్ళకు" అంది చెంగలి. అంత కోపంలోనూ ఆ మాట అంది.

అతను కొమ్ములు ఎత్తుకుని ఒక్కడే నీళ్ళకు దిగాడు. చిరుత ఎక్కువసేపు ఆగలేదు.

ఆ తరువాత మంద చెంగలిని పెద్దగా చేసుకుంది. కూత వినబడితే అందరూ ఆగేవారు. మళ్ళీ తొలకరి దాకా చిరుతకు ఒక్క పిల్లా దొరకలేదు.

ఆ తొలకరికి గట్టున చేరినప్పుడు ఒక ముసలి దుప్పి, "ఎంతైనా పోయినవాడు కదమ్మా, కొమ్ములదొర గురించి ఓ మంచి మాట చెప్పు" అంది.

"నా చెల్లెలూ పోయినదే. దాని గురించి ఎవరు చెప్పారు మంచి మాట?" అంది చెంగలి. ఆమె కోపం చల్లారలేదు. చల్లారాలని ఆమె అనుకోనూ లేదు.

పిల్లల వైపు తిరిగింది. "కొమ్ములదొర కూత విన్నాడు. ఆగలేదు. చనిపోయాడు. జరిగింది ఇదే. దీనికి ఒక్క మాట కలపకండి, ఒక్క మాట తీయకండి. అతని మీదైనా సరే, అబద్ధం చెప్తే నేను ఒప్పుకోను" అంది.

నీతి: పోయినవారు తిరిగి వచ్చి తమ నిజం చెప్పుకోలేరు. వారి మీద మోపిన అబద్ధాన్ని చూస్తూ ఊరుకుంటే, అది బతికున్నవారిని కూడా మింగుతుంది.