రాజుగారి మెడ మీద గీత

పంచదార చిలకలు పోసి అమ్ముకునే తవిటమ్మకు గవరయ్య ఒక్కడే కొడుకు. వాడు సంతలో ఇచ్చిన వెండి నాణెం మీద, రాజుగారి బొమ్మకు మెడ దగ్గర అడ్డంగా గీత ఉందని భటులు వాణ్ణి పట్టుకుపోయారు. రాజు బొమ్మకు గాటు పెడితే బొటనవేలు తీసేయడం ఆ రాజ్యంలో చట్టం.

తవిటమ్మ ఏడుస్తూ కొలువుకు పరుగెత్తింది. నాణెం అడిగి తీసుకుని తడిమింది. ఏడుపు ఆగింది.

"ప్రభూ, ఇది అచ్చులో వచ్చిన తప్పు. మా చిలకల అచ్చు చీలితే పాకం ఆ చీలికలోకి దిగి, చిలక మెడ మీద ఇలాగే గీత పొంగుతుంది."

టంకసాల పెద్ద భుజంగరావు భగ్గుమన్నాడు. "నేను చెక్కిన అచ్చుకు తప్పా? ఇది కత్తిగాటే!"

"అయితే బాబూ, మంచి నాణెం మీద ఇలాంటి గీత ఒక్కటి గీసి చూపించండి. నోరు మూసుకుని పోతాను."

భుజంగరావు కత్తి తీసి బరబరా గీశాడు. తవిటమ్మ రెండు నాణేలూ రాజు చేతిలో పెట్టింది.

"తడిమి చూడండి ప్రభూ. ఆయన గీత లోపలికి దిగింది. మావాడి నాణెం మీది గీత పైకి లేచింది. ఏ కత్తి అలా గీస్తుంది?"

రాజు తడిమి చూసి గవరయ్య కట్లు విప్పించాడు. తర్వాత భుజంగరావు వైపు తిరిగాడు. "మరి నా కళ్లముందే నా మెడకు గాటు పెట్టిందెవరయ్యా?"

భుజంగరావు బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు.

తవిటమ్మ వెళ్లి కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఆ వేలు ఉండనివ్వండి ప్రభూ," అంది. "కొత్త అచ్చు చెక్కాలి కదా."