రాజుగారి తొట్టిలో నీలపు చేప

చిత్రభాను మహారాజుకి ఒకనాడు సముద్రం చూడాలనిపించింది. సముద్రం నగరానికి రెండామడల దూరం. రాజుగారు బయల్దేరలేదు. సముద్రాన్నే కొలువుకు తెమ్మన్నారు.

తెచ్చారు. ఓడ వర్తకులు కానుకిచ్చిన పెద్ద గాజు తొట్టిని సభామంటపంలో ఒక మూల నిలబెట్టారు. కావళ్ళతో ఉప్పునీళ్ళు మోసి నింపారు. లోపల పగడపు రాళ్ళు గుట్టగా పేర్చి, జాలరి నూకన్నను కాపలా పెట్టారు. ముందుగా ఒక నీలపు చేపను వదిలారు. బొటనవేలంత ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఆ తరవాత వదిలిన చేప ఏదీ రెండు రోజులు బతకలేదు. పసుపుది పోయింది. చారలది పోయింది. ముళ్ళది కాస్త మొండిది కనక మూడో పూట దాకా ఉండి అదీ పోయింది.

"నూకన్నా, పున్నమికి మా బావగారు వస్తున్నారు," అన్నారు రాజుగారు. "మా ఇంట్లో సముద్రం ఉందని ఆయనకు చెప్పేశాను. ఒక్క చేపను చూపించి ఇదే సముద్రం అంటే ఆయన జన్మంతా నవ్వుతారు."

సింహాసనానికి కుడిపక్క దండపాణి గొంతు సవరించుకున్నాడు. రాజుగారికి పాతికేళ్ళుగా సలహాలిస్తున్నవాడు. అడిగినా ఇస్తాడు, అడక్కపోయినా ఇస్తాడు.

"ప్రభూ, వీడు రోగిష్టి చేపల్ని తెస్తున్నాడు. ఈ పని మా బావమరిదికి అప్పగించండి. వాడికి చేపలంటే ప్రాణం."

"పులుసులోనా బాబూ?" అన్నాడు నూకన్న.

సభ నవ్వింది. రాజుగారు నవ్వలేదు.

"రేపు మూడు చేపలు వదులు. మూడు రోజులు బతకాలి. ఒక్కటి చచ్చినా ఏడాదిపాటు ఉప్పుమళ్ళలో పని చేస్తావు."

నూకన్న వెళ్ళి తొట్టి పక్కన నిలబడ్డాడు. ఉప్పుమళ్ళలో ఏడాది చేసినవాడి కాళ్ళు ఎలా ఉంటాయో అతనికి తెలుసు. వాళ్ళ నాన్న కాళ్ళు చూశాడు.

చేపల్ని చంపుతున్నది ఎవరో కూడా తెలుసు. నీలపుదే. తనే ముందు వచ్చింది కనక రాళ్ళగుట్టంతా తనదే అనుకుంది. కొత్తది ఏ కంతలో తల పెట్టినా వెంటపడి తోక కొరికేది. ఆ మాట ఒకసారి చెబితే రాజుగారు కసిరారు. "వేలెడంత లేదు, దాని మీదా నీ చాడీలు?"

ఇంతలో, కొత్తగా కొలువులో చేరిన వైద్యుడు కేదారయ్య లేచాడు.

"ప్రభూ, రాణిగారి దగ్గుకు..."

"నువ్వెప్పుడొచ్చావు నాయనా? కూర్చో ముందు," అన్నాడు దండపాణి. వైద్యుడు కూర్చోబోయాడు. "అక్కడ కాదు. అది నేను ఉత్తరీయం పెట్టుకునే చోటు."

వైద్యుడు స్తంభం వెనక్కి పోయాడు. అతనికి ముందు ఒక గాయకుడు వచ్చాడు, ఒక జ్యోతిష్కుడు వచ్చాడు. ఇద్దరూ నెల తిరక్కుండా ఊరు దాటారు.

నూకన్న దండపాణిని చూశాడు. నీలపు చేపను చూశాడు. మళ్ళీ దండపాణిని చూశాడు.

మర్నాడు మూడు ముంతల్లో మూడు చేపలు తెచ్చాడు. తొట్టినీళ్ళు గరిటెడు గరిటెడు ముంతల్లో పోస్తూ మధ్యాహ్నం దాకా వాటికి అలవాటు చేశాడు. తరవాత తొట్టిలో చెయ్యి పెట్టి రాళ్ళగుట్టంతా కూలదోశాడు. కిందిది పైకి, ఎడమది కుడికి తిప్పి కొత్త వరసన పేర్చాడు. అప్పుడు చేపల్ని వదిలాడు.

"రోగం చేపకైతే వైద్యం రాయికి!" అన్నాడు దండపాణి.

నీలపు చేప తన కంత కోసం తొట్టంతా తిరిగింది. కంత లేదు. ఇంకొకర్ని తరమాలంటే ముందు తనకో ఇల్లుండాలి కదా! అది ఒక సందు చూసుకునేసరికి మిగతా మూడూ తలో సందూ చూసుకున్నాయి.

మూడు రోజులు గడిచాయి. మూడూ బతికే ఉన్నాయి. పైగా మేత కోసం పోట్లాడుకుంటున్నాయి.

రాజుగారు పొంగిపోయారు. దండపాణి పొంగలేదు.

"ప్రభూ, రాళ్ళు తిప్పితే చేపలు బతుకుతాయని ఏ శాస్త్రంలో ఉంది? శాస్త్రంలో లేనిది చేతబడి. చేతబడికి శిక్ష లేదా?"

రాజుగారు గడ్డం గోక్కున్నారు. "అదీ నిజమే. నూకన్నా, ఈ విద్య ఎక్కడ నేర్చావో రుజువు చూపించు. లేదంటే ఉప్పుమళ్ళే."

"రేపు పొద్దున్నే చూపిస్తాను ప్రభూ. ఈ సాయంత్రం సభ ఊడ్చే పని నాకు ఇప్పించండి."

"వాడికి తగ్గ పనే," అన్నాడు దండపాణి సంతోషంగా.

తెల్లవారింది. దండపాణి ఎప్పటిలాగే తలెత్తుకుని వచ్చి, కిందికి చూడకుండా సింహాసనానికి కుడిపక్క కూర్చోబోయాడు. అక్కడ దీపస్తంభం ఉంది. ఎడమపక్కకు వెళ్ళాడు. అక్కడ సేనాపతి ఉన్నాడు. సభలో ఏ ఆసనమూ నిన్నటి చోట లేదు. మిగతావాళ్ళు కాసేపు తడబడి, దొరికిన చోట కూర్చున్నారు. దండపాణి మాత్రం తిరుగుతూనే ఉన్నాడు. స్తంభాల వెనక చూశాడు. సింహాసనం కిందికి కూడా వంగి చూశాడు.

ఇదే సందని కేదారయ్య లేచి, "ప్రభూ, రాణిగారి దగ్గుకు మిరియాల కషాయం మూడు పూటలా ఇస్తే తగ్గుతుంది," అన్నాడు. ఆ కొలువులో అతను పూర్తిచేసిన మొదటి వాక్యం అదే.

"అలాగే పంపించండి," అన్నారు రాజుగారు. తరవాత అటు తిరిగి, "దండపాణిగారూ, ఏం వెతుకుతున్నారు?"

"నా చోటు ప్రభూ! నా చోటు!"

రాజుగారు గిరగిరా తిరుగుతున్న దండపాణిని చూశారు. తొట్టిని చూశారు. తరవాత నూకన్న వైపు చూశారు.

నూకన్న చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఇక్కడే నేర్చుకున్నాను ప్రభూ."

రాజుగారు కిరీటం జారేలా నవ్వారు. సభంతా నవ్వింది. రాజుగారు నవ్వుతున్నారు కనక, ఎందుకో తెలియకపోయినా దండపాణి అందరికంటే గట్టిగా నవ్వాడు.

రాజుగారు తన చేతి కంకణం తీసి నూకన్నకు తొడిగారు.

"తొట్టి నీదే. నెలకోసారి రాళ్ళు తిప్పు," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రోజు సభ కూడా నువ్వే ఊడ్చు."