గ్రావెన్‌టాల్ రొట్టెలమ్మ గుడి

పూర్వం ఐరోపా ఖండంలో, హిమావృతమైన పర్వతాల నడుమ, గ్రావెన్‌టాల్ అనే లోయను పాలించిన ప్రభువంశంలో ఒక ఆచారం ఉండేది. ఏటా వంశోత్సవం నాడు వంశావళి పఠనం పరిసమాప్తి అయ్యేదాకా ఎవరూ రొట్టె తుంచకూడదు. వంతెన కట్టించిన రూడోల్ఫ్ ప్రభువు, ఎలుగుబంటితో కుస్తీపట్టి చెవి పోగొట్టుకున్న హైన్‌రిష్ ప్రభువు, మూడు యుద్ధాలకు బయలుదేరి మూడింటికీ ఆలస్యంగా చేరిన ఎబర్‌హార్డ్ ప్రభువు, ఇలా ముప్పైయొక్కమంది మహానుభావుల ఘనకార్యాలను ఆస్థాన వందిమాగధుడు బెన్నో రాగం తీసి చదువుతూ ఉంటే, ఎదుట పులుసు చల్లారి పేరుకుపోతున్నా కిమ్మనకూడదు. ముందుగా రొట్టె తుంచినవారు ఎంతటివారైనా సూర్యాస్తమయంలోగా కోట విడిచి పోవలసిందే.

ఆ వంశంలో ఒట్టోమార్ ప్రభువు ఏలుబడి సాగుతుండగా, ఆయన కుమారుడికి ఇల్లాలిగా కొండల అవతలి నుండి గిసేలా అనే సాధ్వి వచ్చింది. వచ్చి ఆరు నెలలే అయినా ఆ ఇల్లన్నా, భర్త అన్నా ఆమెకు ప్రాణం. ఆ వసంతంలో నది పొంగి దిగువ పల్లెల గాదెలన్నీ ఊడ్చుకుపోగా, సరిగ్గా ఉత్సవం నాటి ఉదయం మూడువందలమంది ఆకలితో కోట వాకిలి చేరారు. లోపల పఠనం సాగుతోంది. గిసేలాకు కూర్చున్నచోట ముళ్లమీద ఉన్నట్టుంది.

"మామగారూ, వాకిట్లో జనం ఆకలితో ఉన్నారండీ," అంది.

"పఠనం కానీయమ్మా. ఇంకా ఎనిమిదో పెద్దాయన దగ్గరే ఉన్నాం."

అయ్యో, ఆ తల్లి మనస్సు ఎలా నిలుస్తుంది? ఇల్లు దక్కదని తెలిసీ, భర్త వంక ఒక్కసారి చూసి, ఎదుటి రొట్టెను తుంచేసింది. సభంతా నివ్వెరపోయింది.

"ఎంత పని చేశావు!" అన్నాడు ఒట్టోమార్.

"వెళ్లిపోతాను మామగారూ. కానీ పఠనం ఆపించకండి. ఒక్కొక్క పెద్దాయన పేరు చదివినప్పుడల్లా ఆయన పేరున వాకిట ఒక రొట్టె ఇస్తాను. పేర్లు అయిపోగానే నా దారి నాది."

పూర్వీకుల పేరున దానం అనేసరికి ఆయన సరేనన్నాడు. పేరు వెంట పేరు, రొట్టె వెంట రొట్టె వెళ్లాయి. ముప్పైయొకటో పేరు చదివి బెన్నో పత్రం చుట్టేశాడు. పత్రమైతే మూసుకుంది గాని నోరు మూతపడలేదు! "కోట పునాదికి రాళ్లు మోసిన మార్తా! వంతెన దూలాలు చెక్కిన యోస్ట్! గుర్రాలకు నాడాలు కొట్టిన క్లెమెన్స్!" అంటూ ఏ పత్రంలోనూ లేని పేర్లు ధారగా వస్తుంటే, పాపం, బెన్నోయే తెల్లబోయాడు. వాకిట్లో "మా ముత్తవ్వే!", "మా తాతే!" అని కేకలు, ఏడుపులు, నవ్వులు. వంటవాడు రొట్టెలు కాల్చే బట్టీలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ మరో రొట్టె దొరుకుతూనే ఉంది.

మధ్యాహ్నం తిరిగింది. పఠనం ముగియనిదే తినకూడదు కనుక ప్రభువుగారికి పచ్చి మంచినీళ్లైనా లేవు. చివరికి ఆయనే లేచివచ్చి వరుసలో నిలబడ్డాడు.

"నాకూ ఒకటి ఇయ్యమ్మా."

"ఎవరి పేరున, మామగారూ?"

ముప్పైయొక్క పేర్లు కంఠస్థమైన ఆయన తడుముకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఊర్సులా. నాకు పాలిచ్చి పెంచిన దాది. ఈ ఇంట్లో ఆవిడ పేరు ఎవరూ ఎన్నడూ తలవలేదు."

రొట్టె చేతికి రాగానే ఆవురావురుమంటూ తుంచాడు.

"అయ్యో, పఠనం ఇంకా అవలేదండీ!" అంది గిసేలా.

"అవలేదా! అయితే నేనూ నీతోపాటు వెళ్లిపోవాల్సిందే. ఈ వయస్సులో నన్నెక్కడ తిప్పుతావు గాని, ఇద్దరం ఇక్కడే ఉందాం పద, తల్లీ," అన్నాడు నోటినిండా రొట్టెతో. ఆ క్షణాన బెన్నో నోరు మూతపడింది. గిసేలా పట్టలేక నవ్వేసింది.

కోట కాలగర్భంలో కలిసినా ఆ బట్టీ మాత్రం నిలిచింది. దానిచుట్టూ కట్టిన మందిరమే, మన మాటల్లో చెప్పాలంటే, రొట్టెలమ్మ గుడి. నేటికీ వసంతంలో భక్తులు వచ్చి, తమకు అన్నంపెట్టిన వారి పేరు ఒకటి చెప్పి రొట్టె తీసుకుంటారు. పేరు గుర్తురానివారికీ లేదనరు, తినమంటారు. తింటూ తింటూ ఉండగా గుర్తొచ్చి, వెనక్కి పరుగెత్తుకొచ్చి చెప్పిపోయేవాళ్లే ఎక్కువట.