గేటవతలి మంగకి వాయనం

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి సరిగ్గా నడుమ ఒక రైలు గేటు. ఊఁ కొట్టవేం? నువ్వు ఊఁ కొడితేనే గేటు తీస్తారు మరి, లేకపోతే కథ ఇవతలే ఆగిపోతుంది. ఆఁ, అలాగ.

గేటుకి ఇవతల నీలవేణి అని ఒక పిల్ల ఉండేది. నీలూ, నీలూ అనేవాళ్ళు. గేటుకి అవతల మంగ ఉండేది. ఆ గేటు వేసేదీ తీసేదీ మంగ వాళ్ళ నాన్నే. ఇద్దరిదీ ఒకటే బడి, ఒకటే బెంచీ. నీలూ పెరుగన్నంలోకి మంగ డబ్బాలో ఆవకాయ ముక్క రావాల్సిందే.

శ్రావణమాసం వచ్చింది. దాంతోపాటు నీలూ ఆరో పుట్టినరోజూ వచ్చింది. అప్పుడు వాళ్ళమ్మ అంది కదా, "మీ క్లాసు పిల్లలందర్నీ పిలుద్దాం. వెళ్ళేటప్పుడు తలా ఒక రిటర్న్ గిఫ్టు సంచీ ఇద్దాం. అందులో ఏం పెట్టాలో ఈసారి నువ్వే ఎంచుకో."

అమ్మో, ఎంత పెద్ద పని! నీలూ ఆ పూటంతా నడుం మీద చెయ్యి తియ్యలేదు.

మొదట ఫ్యాన్సీ షాపులో ఎర్ర ఈలలు కనబడ్డాయి. 'మంగకి నచ్చుతుందా?' అనుకుంది నీలూ. ఏం చూసినా ముందు ఆ మాటే అనుకునేది. ఒక ఈల కొనిపించుకుని, గేటు దగ్గరికి వెళ్ళి, బుగ్గలు పూరించి గట్టిగా ఊదింది.

అంతే! మంగ వాళ్ళ నాన్న పచ్చజెండా పట్టుకుని గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. బండీ లేదు, గిండీ లేదు. ఈల నోట్లో పెట్టుకుని నీలూ ఉంది. "అమ్మలూ, నీకు దణ్ణం పెడతాను. ఇవి ఊరంతా పంచావంటే నాకు నిద్దరుండదు!" అన్నాడు.

ఈలలు పోయాయి.

ఆ తర్వాత చాక్లెట్లు తెచ్చారు, బంగారు కాగితం చుట్టినవి. అటక మీద పెట్టారు. తెల్లారి చూస్తే అటక నిండా నల్లటి బారు. నాయనమ్మ ముక్కున వేలేసుకుని, "పుట్టినరోజుకి ముందు చీమల్ని పిలిచారేమే, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?" అంది.

చాక్లెట్లూ పోయాయి.

ఆ తర్వాత మెరుపులు అంటించిన పెన్సిళ్ళు తెచ్చారు. నీలూ ఒకటి బడికి పట్టుకెళ్ళి బెంచీ మీద పెట్టింది. వెనక బెంచీ త్రినాథ్ తొంగి చూశాడు. వాడికి చిన్న బొజ్జ, పెద్ద నోరు. "పుట్టినరోజుకి కూడా హోంవర్కేనా?" అన్నాడు. క్లాసంతా పకపకా నవ్వింది. పెన్సిళ్ళ సంగతి కూడా అంతటితో సరి.

కానీ మంగ నవ్వలేదు. మెల్లిగా అడిగింది.

"నీలూ, రిటర్న్ గిఫ్టంటే ఏంటే?"

నీలూకి ఆ మాట తెలుసు. వేసవిలో నాన్నతో అన్నవరం వెళ్ళినప్పుడు, రిటర్న్ టికెట్టంటే ఏంటి నాన్నా అని అడిగి మరీ తెలుసుకుంది. అందుకని పెద్ద ఆరిందాలా చెప్పింది. "రిటర్న్ అంటే తిరిగి రావడం. ముందు వెళ్తేనే కదా తిరిగొస్తాం? అలాగే నువ్వు ముందు నాకు గిఫ్టిస్తే, నేను నీకు తిరిగిస్తాను."

మంగది రైలు గేటు ఇల్లాయె. ఆ లెక్క దానికి ఇట్టే అర్థమైపోయింది. "ఔను, వెళ్ళిన బండే కదా తిరిగొచ్చేది," అంది. కాసేపు చెప్పు కొసతో నేల గీకింది. "మరి... తేనివాళ్ళకి?"

"తేకపోతే రిటర్న్ ఉండదు," అంది నీలూ.

"అయితే నేను రాన్లే. నాకు ఆరోజు కడుపునొప్పి."

"ఆరోజు రాబోయే నొప్పి ఇవాళే ఎలా తెలిసిందే?"

మంగ గబగబా పుస్తకం తెరిచింది. మధ్యాహ్నం ఆవకాయ ముక్క ఇచ్చింది గానీ, మాట ఇవ్వలేదు.

నీలూ బిక్కమొహంతో ఇంటికొచ్చింది. నాయనమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంతా విన్నది. విని ఇలా అంది. "పిచ్చితల్లీ, మంగ వాళ్ళమ్మ పురిటికెళ్ళింది కదా. వాళ్ళ నాన్న గేటు వదిలి కదలకూడదు. ఇక ఆ పిల్లని బజారుకి తీసుకెళ్ళి గిఫ్టు కొనిచ్చేదెవరే?"

నీలూ గబుక్కున లేచి కూర్చుంది. 'అయితే రావద్దని నేనే చెప్పినట్టయిందా!' అనుకుంది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అమ్మ వచ్చి, "పుట్టినరోజు గురువారమేనే, సంచీల్లో ఏం పెడదాం?" అంటే, "ఏమీ వద్దు. మంగ లేని పుట్టినరోజే నాకొద్దు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

నువ్వేడవకు చిట్టీ, కథలో అమ్మవారు చూస్తూనే ఉందిగా.

అప్పుడు మంగళవారం వచ్చింది. నీలూ వాళ్ళ పిన్నికి కొత్తగా పెళ్ళయింది. వీళ్ళింట్లోనే మంగళగౌరి నోము పట్టింది. ఇంటి నిండా ముత్తయిదువలు. నానబోసిన శనగల వాసన, పసుపు వాసన. నీలూ గుమ్మం పక్కన నిలబడి చూస్తోంది.

పిన్ని తన కొంగు వాయనం మీద కప్పి అందిస్తూ, "ఇస్తినమ్మా వాయనం," అంది.

పక్కింటి పెద్దావిడ చెంగు పట్టి, "పుచ్చుకుంటినమ్మా వాయనం," అంది.

"నా వాయనం పుచ్చుకున్నదెవరు?"

"నేనే, మంగళగౌరిని!"

పిన్ని ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. నీలూ అందరి చేతులవైపూ చూసింది. శనగలు పట్టుకెళ్ళడానికి ఖాళీ సంచీలు తప్ప ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. నాయనమ్మ కొంగు పట్టుకు లాగింది.

"నాయనమ్మా, వీళ్ళెవరూ గిఫ్టు తేలేదే?"

"పుచ్చుకోడానికి వచ్చేవాళ్ళు ఏం తెస్తారే? రెండు చేతులు తెస్తారు. వాళ్ళు చెయ్యి చాపితేనే మన నోము పండుతుంది. అసలు వచ్చింది ఆవిడా? ఆవిడ రూపంలో గౌరమ్మ!"

నీలూ కళ్ళు మెరిశాయి. ఒక్క గెంతు గెంతి వంటింట్లోకి పరిగెత్తింది. "అమ్మా! నా పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులు లేవు. వాయనాలు!" అంది. అమ్మ నవ్వేసింది. అప్పుడు సంచీల్లో పెట్టేవన్నీ చకచకా దొరికిపోయాయి. తాలింపు పెట్టిన శనగల పొట్లం ఒకటి. పెరటి చెట్టు జామకాయ ఒకటి. రంగుల బొంగరం ఒకటి. సంచీలేమో పిన్ని దగ్గరున్న రవికగుడ్డలతో నాయనమ్మే కుట్టింది.

కానీ మంగ రావాలి కదా? దాని కడుపునొప్పి తగ్గాలి కదా?

మర్నాడు సాయంత్రం నీలూ కుంకుమ భరిణె పట్టుకుని నాయనమ్మతో బయల్దేరింది. సరిగ్గా అప్పుడే గేటు పడింది. గూడ్సు బండి. పోతోంది, పోతోంది, ఎంతకీ అయిపోదు! పెట్టెకీ పెట్టెకీ మధ్య సందులోంచి అవతల మంగ గౌను కనబడుతోంది, మాయమైపోతోంది. 'లోపలికెళ్ళిపోతుందేమో, గౌరమ్మా, ఆపు తల్లీ!' అని నీలూ భరిణె గుండెకి అదుముకుంది.

బండి పోయింది. మంగ అక్కడే ఉంది. నీలూ పట్టాలు దాటి వెళ్ళి దాని నుదుట బొట్టు పెట్టింది.

"రేపు మా ఇంటికి వాయనానికి రావే."

మంగ వెనక్కి జరిగింది. "ఏం తేవాలి?"

"చేతులు. రెండూ తేవాలి. ఒకటి మర్చిపోతే ఊరుకోను. మంగా, రిటర్న్ అని నేను చెప్పింది రైలు మాటే. ఇంటి మాట వేరే ఉందంట, నాకు తెలీలేదు."

మంగ వాళ్ళ నాన్నవైపు చూసింది. ఆయన జెండా చుట్టి చంకలో పెట్టుకుని, "బొట్టు పెట్టి పిలిస్తే వెళ్ళకుండా ఉంటారా అమ్మలూ?" అన్నాడు.

గురువారం వచ్చింది. నీలూకి హారతిచ్చారు. కేకు కోశారు, పిల్లలందరూ మూతికీ ముక్కుకీ పూసుకున్నారు. ఆ తర్వాత వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ సంచీ ఇచ్చింది నీలూ, పిన్ని చున్నీ కొంగు కప్పి మరీ. పిల్లలకి ఆ ఆట తెగ నచ్చేసింది. 'నేనే మంగళగౌరిని!' అని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తున్నారు.

త్రినాథ్ మొహం చిట్లించాడు. "నేను మగపిల్లాణ్ణి. నేనెలా గౌరినవుతాను?"

"నువ్వు గౌరమ్మ కొడుకువిలే. ఆ బొజ్జ చూస్తే తెలియట్లేదూ?" అంది నాయనమ్మ. వాడు బొజ్జ తడుముకుని, దర్జాగా రెండు చేతులూ చాపాడు.

అందరికన్నా చివర మంగ. గౌను అంచు రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడింది.

"ఇస్తినమ్మా వాయనం," అంది నీలూ.

"పుచ్చుకుంటినమ్మా వాయనం."

"నా వాయనం పుచ్చుకున్నదెవరు?"

అందరూ తన వైపే చూసేసరికి మంగకి సిగ్గు ముంచుకొచ్చింది. చెప్పాల్సిన మాట కాస్తా మర్చిపోయింది. తల వంచుకుని, చిన్న గొంతుతో, "నేనే... మంగని," అంది.

పిల్లలు ఒక్కసారి గొల్లుమన్నారు. నీలూ మాత్రం నవ్వలేదు. వంగి మంగ కాళ్ళకి దణ్ణం పెట్టేసింది.

నాయనమ్మ కళ్ళొత్తుకుని, "అమ్మవారిని సగం పేరుతో పిలిచినా పలుకుతుంది తల్లీ," అంది.

చీకటి పడకముందే నాయనమ్మ మంగని దిగబెట్టడానికి బయల్దేరింది. నీలూ కూడా వెంట వెళ్ళింది. అప్పుడూ గేటు వేసే ఉంది. బండి పోగానే నాయనమ్మ గొంతెత్తి ఒక కేక వేసింది.

"గేటు తియ్యి నాయనా, మా గౌరమ్మ ఇంటికొస్తోంది!"

ఊఁ అంటున్నావా? లేదూ? సరే మరి.

కూ... అంటూ కథేమో కంచి బండెక్కింది,
గేటు తీశారమ్మా, మనకిల్లు దక్కింది.
ఇస్తినమ్మా నిద్దర, రెండు కళ్ళ నిండా,
పుచ్చుకోవే చిట్టీ, ఒక్క చుక్క మిగలకుండా.